కాలీడ్చుకుంటూ వచ్చిన మమ్మీ

హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో వాళ్లు 1940 నుంచి 1944 దాకా ఖారిస్ అనే మమ్మీ మీద నాలుగు సినిమాలు తీశారు. వాటిని వరసగా పెట్టుకుని సంవత్సరాలు లెక్కేస్తే ఒక తమాషా బయటపడుతుంది. మొదటిది 'ది మమ్మీస్ హ్యాండ్'. ఆ కథ విడుదలైన 1940లోనే జరిగిందనుకుందాం. రెండోది 'ది మమ్మీస్ టూంబ్', ముప్పై ఏళ్ల తర్వాతి కథ. అంటే 1970కి వచ్చాం. 'ది మమ్మీస్ ఘోస్ట్' ఆ వెనకాలే జరుగుతుంది. నాలుగోదైన 'ది మమ్మీస్ కర్స్'లో మనుషులు ఆ గొడవంతా జరిగి పాతికేళ్లయిందని చెప్పుకుంటారు. అంటే దగ్గరదగ్గర 1995. తెర మీద మాత్రం అవే 1940ల కార్లు, అవే టోపీలు, అవే టెలిఫోన్లు. 1970లో ఉండాల్సిన హీరోకి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం నుంచి పిలుపు కూడా వస్తుంది. ఈ లెక్క వేసుకుని నవ్వుకున్న ప్రేక్షకులు చాలామంది ఉన్నారు. తీసినవాళ్లలో మాత్రం ఎవరూ వేసుకున్నట్టు లేదు.

నేను నవ్వాను గానీ కాస్త ఆలస్యంగా నవ్వాను. కోడంబాకంలో అసిస్టెంటు ఎడిటర్‌గా చేరి, తర్వాత హైదరాబాద్ వచ్చి, రిటైరయ్యేదాకా కటింగ్ టేబుల్ ముందే బతికినవాణ్ణి. సినిమా చూస్తుంటే కథకన్నా ముందు అతుకులు కనిపిస్తాయి నాకు. ఈ షాటు ఎక్కడిది, ఆ సెట్టు ఇంతకుముందు ఎక్కడ చూశాను, ఇక్కడ సంగీతం ఎందుకు ఒక్కసారి తెగింది అని మనసు దానంతటదే వెతుకుతుంది. ఈ ఖారిస్ సినిమాల్లో ఆ రకం తిండి బోలెడుంది. వాటిని నాసిరకం సీక్వెల్సని కొట్టిపారేసేవాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. నాసిరకమే. కానీ ఈ రోజు మమ్మీ అనగానే మన కళ్లముందు నిలబడే బొమ్మ, ఒళ్లంతా గుడ్డపేలికలు చుట్టుకుని ఒక కాలు ఈడుస్తూ ఒక చెయ్యి చాచుకుంటూ వచ్చే ఆ ఆకారం, గొప్పదని పేరున్న అసలు సినిమాలోది కాదు. ఈ నాసిరకం వాటిలోదే. అదెలా జరిగిందో చెప్పాలని ఉంది.

అసలు సినిమా 1932 నాటి 'ది మమ్మీ'. దాని వెనక వార్తాపత్రికల హోరుంది. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ టూటన్‌ఖామెన్ సమాధి కనిపెట్టాడు. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో చనిపోగానే 'ఫారో శాపం' అని ప్రపంచమంతా చెప్పుకున్నారు. ఆ సమాధి వార్తల్ని విలేకరిగా రాసిన జాన్ బాల్డర్‌స్టనే తర్వాత ఈ సినిమాకి స్క్రిప్టు రాశాడు. డైరెక్టర్ కార్ల్ ఫ్రాయిండ్ జర్మనీ నుంచి వచ్చిన కెమెరామన్. 'మెట్రోపాలిస్' తీసిన చేతులవి. ఇందులో మమ్మీ పేరు ఇమ్‌హోటెప్, ఆ వేషం బోరిస్ కార్లాఫ్‌ది. మేకప్ వేసిన జాక్ పియర్స్‌కి ఆ కట్లూ మట్టీ అంటించడానికి ఎనిమిది గంటలు పట్టిందని చెబుతారు. ఇంత కష్టపడితే కట్లతో ఉన్న కార్లాఫ్ తెర మీద కనిపించేది మొదటి కొద్ది నిమిషాలే. కన్ను సన్నగా తెరుచుకుంటుంది. చెయ్యి మెల్లగా కిందికి జారుతుంది. మంత్రాలు రాసిన పాత చుట్టను ఒక చెయ్యి తీసుకుంటుంది. తలుపు దాటుతూ నేల మీద ఈడ్చుకుపోయే కట్టు కొస, దాన్ని చూసి మతిపోయి పగలబడి నవ్వే కుర్రాడు. అంతే. మమ్మీ నడవడం మనకి చూపించనే లేదు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకి ఈ ఒక్క సీను చాలు.

ఆ తర్వాత ఇమ్‌హోటెప్ ఫెజ్ టోపీ పెట్టుకుని, ముడతల మొహంతో, నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషిగా తిరుగుతాడు. అతనికి ఒక కోరిక ఉంది. వేల ఏళ్ల కింద పోగొట్టుకున్న ప్రియురాలు ఇప్పుడు ఇంకో అమ్మాయిగా పుట్టింది, ఆమె కావాలి. చివర్లో ఆ అమ్మాయిని హీరో కాపాడడు. ఆమే ఐసిస్ దేవతను వేడుకుంటుంది. విగ్రహం చెయ్యెత్తి ఆ చుట్టను కాల్చేస్తుంది. భయం కన్నా దిగులు ఎక్కువున్న సినిమా అది.

తర్వాత స్టూడియో చేతులు మారింది. 1936లో స్థాపకుడు లేమ్లీ కుటుంబం యూనివర్సల్‌ను పోగొట్టుకుంది. కొత్త యాజమాన్యానికి దెయ్యాల సినిమాల మీద పెద్ద మోజేమీ లేదు. 1938లో లాస్ ఏంజిలస్‌లో రెజీనా అనే చిన్న థియేటర్ యజమాని 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్', 'సన్ ఆఫ్ కాంగ్' అన్న మూడు పాత సినిమాల్ని ఒకే టికెట్ మీద వేశాడు. జనం వీధిలో క్యూ కట్టారు. స్టూడియోకి మెలకువ వచ్చింది. 1939లో 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చి బాగా ఆడింది. ఆ వరసలోనే మమ్మీ బయటికొచ్చింది.

అయితే ఈసారి ఖర్చు వేరు. అప్పట్లో అమెరికాలో ఒక టికెట్టుకి రెండు సినిమాలు వేసేవారు. ఒకటి పెద్ద తారలున్నది, రెండోది గంటకు కాస్త అటూఇటూగా ఉండే చిన్నది. ఆ రెండోదానికి థియేటర్ వాళ్లు వసూళ్లలో వాటా ఇవ్వరు, ఇంత అని ఒక అద్దె కడతారు. సినిమా ఎంత బాగున్నా అంతే, ఎంత చెత్తయినా అంతే. ఇక నిర్మాతకి మిగిలే దారి ఒకటే, ఖర్చు తగ్గించుకోవడం. 1932 సినిమాకి రెండు లక్షల డాలర్లకు దగ్గరగా ఖర్చయితే, 'మమ్మీస్ హ్యాండ్' దాదాపు 80 వేలలో అయిపోయింది.

ఎలా అయిందో చూడండి, నా వృత్తికి సంబంధించిన ముచ్చట ఇదే. గుడి సెట్టు కొత్తగా వెయ్యలేదు. జేమ్స్ వేల్ తీసిన 'గ్రీన్ హెల్' అనే అడవి సినిమాకి వేసిందే ఉంది, అందులోకి దూరిపోయారు. సంగీతం చాలావరకు 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' కోసం చేసినదే. ప్రాచీన ఈజిప్టు కథ ఒకటి చెప్పాలి. దానికి 1932 సినిమా ఫ్లాష్‌బ్యాక్‌లోని శవయాత్ర, ఇసుకలో తవ్వకం, బానిసల్ని చంపడం, అన్నీ తీసి అతికించారు. ఆ ఫ్లాష్‌బ్యాక్‌ను ఫ్రాయిండ్ మూకీ సినిమాలా తీశాడు. పాత్రల మాటలుండవు, పైనుంచి కార్లాఫ్ గొంతు కథ చెబుతూ ఉంటుంది. ఆ గొంతు ట్రాకు తీసేస్తే మిగిలేది మాటల్లేని బొమ్మ. దాని మీద ఇంకో గొంతు పెడితే ఇంకో కథ అవుతుంది. ఇమ్‌హోటెప్ దొంగిలించింది మంత్రాల చుట్ట. ఖారిస్ దొంగిలించేది చచ్చినవాళ్లని లేపే తనా అనే ఆకుల పెట్టె. కాబట్టి దొంగతనం దగ్గర కార్లాఫ్‌ను కోసేసి, కొత్త నటుడు టామ్ టైలర్ క్లోజప్‌లు పెట్టారు. దూరపు షాట్లలో ఉన్నది కార్లాఫే, దగ్గర షాట్లలో టైలర్. టైలర్ అంతకుముందు కౌబాయ్ సినిమాల హీరో. పొడుగు, సన్నం, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. మా ఎడిటర్ గారు బతికుంటే ఈ అతుకు చూపించి శెభాష్ అనిపించుకునేవాణ్ణి.

మేమూ చేశాం ఇలాంటివి. పిడుగులు, సముద్రం, గుడిగంటలు, పరిగెత్తే గుర్రాల కాళ్లు, ఇలాంటి స్టాక్ షాట్ల డబ్బాలు ఎడిటింగ్ రూములో ఒక మూల ఎప్పుడూ ఉండేవి. అవసరానికి ఒక పిడుగు తీసుకుని, పని అయ్యాక మిగిలిన ముక్క మళ్లీ డబ్బాలో వేసేవాళ్లం. కాకపోతే హీరోకి బదులు ఇంకో హీరోని అతికించే ధైర్యం మాకు రాలేదు.

'మమ్మీస్ టూంబ్'లో ఇంకో మెట్టు ఎక్కారు. సినిమా మొత్తం గంట. అందులో మొదటి పది పన్నెండు నిమిషాలు వెనకటి సినిమా ముక్కలే. ముసలివాడైన హీరో స్టీవ్ బానింగ్ తన వాళ్లకు పాత కథ చెబుతుంటాడు. మన టీవీ సీరియళ్లలో 'గత భాగంలో' అని చూపిస్తారే, ఆ పద్ధతే. చివర్లో దివిటీలు పట్టుకుని ఊరిజనం పరిగెత్తే చోట 1931 'ఫ్రాంకెన్‌స్టైన్' జనం కూడా కలిశారు. యూరప్ పల్లెటూరి బట్టల్లో ఉన్నవాళ్లు అమెరికాలోని మసాచుసెట్స్ ఊళ్లో ఎందుకు పరిగెడుతున్నారో ఎవరూ అడగలేదు. హీరో స్నేహితుడు బేబ్ మొదటి సినిమాలో జెన్సన్, రెండోదాంట్లో హాన్సన్. తుపాకీ గుళ్లు తిని మెట్ల మీంచి దొర్లిపడిన పూజారి అండోహెబ్ ముసలివాడై బతికే ఉన్నాడు.

ఒకటి రెండు చూశాక మూడోది మనమే రాసుకోవచ్చు. ఈజిప్టులో ఒక గుడి. చావుకి దగ్గరైన పెద్ద పూజారి చిన్న పూజారిని పిలిచి కథ చెబుతాడు. రాకుమారి అనంకా చనిపోతే, ఆమెను ప్రేమించిన ఖారిస్ బతికించబోయి పట్టుబడ్డాడు, నాలుక కోసి సజీవంగా పాతిపెట్టారు, అతనింకా బతికే ఉన్నాడు. పున్నమి రాత్రుల్లో మూడు తనా ఆకులు కాచిన కషాయం పోస్తే గుండె కొట్టుకుంటుంది, తొమ్మిది ఆకులైతే లేచి నడుస్తాడు, అంతకుమించి పొయ్యకూడదు. చిన్న పూజారి ప్రమాణం చేసి, పెట్టెలో మమ్మీతో ఓడెక్కి అమెరికా వస్తాడు. 'టూంబ్'లో అయితే అతను శ్మశానానికి కాపలాదారుగా ఉద్యోగంలో చేరతాడు. చంద్రుడొస్తాడు, కషాయం మరుగుతుంది, ఒక్కొక్కళ్ల గొంతు మీద బూజుపట్టిన చేతి మరక పడుతుంది. అంతా సవ్యంగా సాగుతుండగా పూజారికి ఒక అమ్మాయి నచ్చుతుంది. అదే అతని పతనం. అండోహెబ్, మెహమత్ బే, యూసెఫ్ బే, ముగ్గురూ ఇలాగే పోయారు. పూజారుల ఎంపికలో ఆ గుడివాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడి ఉంటే నాలుగు సినిమాలూ ఉండేవి కావు.

మా మనవరాలు నాతోపాటు కూర్చుని రెండు సినిమాలు చూసింది. "తాతయ్యా, అది అంత మెల్లగా వస్తోంది కదా, పక్కనుంచి పరిగెత్తి పారిపోవచ్చుగా?" అంది. అందరూ అడిగే ప్రశ్నే. ఖారిస్‌కి ఒక చెయ్యి గుండెలకు అంటుకుపోయింది, ఒక కాలు సరిగా రాదు. వేటాడేవాడు పారిపోయేవాడికన్నా మెల్లగా నడుస్తుంటే ఆ సీను ఎలా కొయ్యాలి? ఎడిటర్ చేసిందేమిటంటే ఇద్దర్నీ ఒకే ఫ్రేములో ఎక్కువసేపు ఉండనివ్వలేదు. ఈడ్చే పాదం, మనిషి మొహం, గోడ మీద నీడ, మళ్లీ మొహం, ఇంకాస్త దగ్గరగా చెయ్యి. మధ్యలో దూరం ఎంతో మనకి తెలియదు. 'టూంబ్'లో ఆ నీడ మనుషుల మీంచి ఊరికే దాటిపోతుంటుంది కూడా, వాళ్లు ఒక్క క్షణం ఆగి చూస్తారు. ఇంత చెప్పినా మా పిల్ల, "అయినా పరిగెత్తొచ్చు" అంది. ఆమె చెప్పిందే నిజం. దర్శకుడు చివరికి ప్రతివాణ్ణీ గోడకి ఆనించి నిలబెట్టి అరిపించాల్సి వచ్చింది.

ఆమె ఇంకోటి కూడా అడిగింది, దానికి నా దగ్గర తడుముకోని జవాబు లేదు. "అసలు వాళ్ల రాకుమారిని వీళ్లెందుకు తెచ్చుకున్నారు?" నిజమే, 'ఘోస్ట్'లో అనంకా శవం న్యూయార్క్‌లోని స్క్రిప్స్ మ్యూజియంలో అద్దాల మధ్య ఉంటుంది. పూజారి వచ్చింది ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి. 1932 సినిమాలో ఇమ్‌హోటెప్ కూడా, మా పూర్వీకుల శవాల్ని తవ్వే హక్కు మాకు లేదు, విదేశీ మ్యూజియాలకే ఉంది అని తెల్లదొరలకి మర్యాదగా ఒక చురక అంటిస్తాడు. సీక్వెల్స్‌లో ఆ చురక పోయింది, దొంగసొత్తు అడగడానికి వచ్చినవాడు ఉత్త విలన్ అయ్యాడు. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలోనూ నిజాం కాలంలో వచ్చిన ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది, ఒక అమ్మాయిది. ఆమెను చూస్తే నాకు భయమెప్పుడూ వెయ్యలేదు, అంత చిన్న శరీరం.

రెండో సినిమా నుంచి ఖారిస్ వేషం లాన్ చేనీ జూనియర్‌ది. మూకీల కాలంలో వేషాల రారాజు లాన్ చేనీ కొడుకు. అసలు పేరు క్రెయిటన్. తండ్రి పేరు పెట్టుకుంటే గానీ అవకాశాలు రాలేదు, ఆ తర్వాత స్టూడియో 'జూనియర్' కూడా తీసేసింది. 1941లో 'ది వూల్ఫ్ మ్యాన్'లో అతను నిజంగా కదిలించే నటుడు. యూనివర్సల్ అతనితో ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, డ్రాక్యులా, మమ్మీ, అన్ని వేషాలూ వేయించింది. ఆ నాలుగూ వేసింది అతనొక్కడే. ఈ మమ్మీ వేషం మాత్రం అతనికి అసహ్యం. మాటల్లేవు, మొహం కనపడదు, ఒళ్లంతా దురద. కొన్ని షాట్లలో స్టంట్‌మన్ ఎడీ పార్కర్ చేసిపెట్టాడు. కట్ల లోపల ఎవరున్నదీ ఎవరికి తెలుస్తుంది? కార్లాఫ్ ఇమ్‌హోటెప్‌కి కోరిక ఉండేది. ఖారిస్‌కి అది కూడా లేకుండా చేసి, పూజారి చెప్పిన గొంతు నులిమి వచ్చే పనివాడుగా మార్చారు. ఈ సినిమాల అసలు లోపం అదేనని నా అభిప్రాయం, పాత ముక్కలు వాడుకోవడం కాదు.

ఇంత నలిగిన దారిలో కూడా రెండు చోట్ల నేను రీలు వెనక్కి తిప్పి చూశాను. ఒకటి 1944 'మమ్మీస్ ఘోస్ట్' ముగింపు. ఈసారి అనంకా ఆత్మ అమీనా అనే ఈజిప్టు అమ్మాయిలో పుట్టింది. ఖారిస్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె జుట్టులో తెల్లపాయ పెరుగుతూ ఉంటుంది. చివర్లో ఖారిస్ ఆమెను ఎత్తుకుని చిత్తడినేలలోకి దిగుతాడు. వెనక హీరో, అతని కుక్క, ఊరిజనం. ఇన్ని సినిమాలు చూసిన అనుభవంతో మనం హీరో చెయ్యందిస్తాడని ఎదురుచూస్తాం. అందించడు. ఖారిస్ చేతుల్లోనే ఆ అమ్మాయి క్షణక్షణం ముసలిదవుతుంది, చర్మం ఎండిపోతుంది, ఇద్దరూ బురదలో మునిగిపోతారు. హీరో గట్టు మీద నిలబడిపోతాడు. గంట సేపటి చిన్న సినిమాలో హీరోయిన్‌ను అలా పోనివ్వడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. దర్శకుడు రెజినాల్డ్ లీబోర్గ్. అతను ఇంకేమీ తియ్యకపోయినా ఈ సీనుకి నా దండం.

రెండోది అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 'మమ్మీస్ కర్స్'. మసాచుసెట్స్‌లో మునిగినవాళ్లు లూయిసియానా చిత్తడినేలలో బయటపడతారు. దేశం ఆ చివర మునిగి ఈ చివర తేలడం! దానికి సంజాయిషీ లేదు. అయితే ఒక సీనుంది. బుల్డోజరు వెళ్లిపోయిన చోట, పట్టపగలు, ఎండిన మట్టిలోంచి ఒక చెయ్యి పైకి వస్తుంది. తర్వాత తల. వర్జీనియా క్రిస్టీన్ అనే నటి, ఒళ్లంతా మట్టి పెచ్చులు కట్టి, కళ్లు తెరవలేక తెరుస్తూ, నడవడం మర్చిపోయినదానిలా అడుగులేస్తూ, సూర్యుడి వైపు మొహం తిప్పుకుంటూ వెళ్లి, నీళ్లలోకి దిగి కడుక్కుంటుంది. మాట లేదు. ఇంత చవక సినిమాలో ఎవరూ తొందరపెట్టకుండా ఆ సీనును అంతసేపు ఎలా వదిలేశారో నాకు ఆశ్చర్యం. నాలుగు సినిమాల్లో చచ్చి లేచినవాళ్లు చాలామంది, లేవడానికి కష్టపడింది ఆమె ఒక్కతే. అమెరికా వాళ్లకి తర్వాత రోజుల్లో ఆమె కాఫీ ప్రకటనల్లో మిసెస్ ఓల్సన్‌గా బాగా తెలుసు.

1955లో ఖారిస్ క్లారిస్ అయ్యాడు. అబాట్, కాస్టెల్లో అనే హాస్యజంట వెంట పడ్డాడు. కట్లలో ఉన్నది ఇంతకుముందు చెప్పిన ఎడీ పార్కరే. 1957లో యూనివర్సల్ పాత సినిమాలు 52 ఒక మూటగా కట్టి 'షాక్' పేరుతో అమెరికన్ టీవీ స్టేషన్లకి అమ్మారు. ఆ దారిన ఈ పాత దెయ్యాలన్నీ అర్ధరాత్రి ఇళ్లలోకి వచ్చాయి. థియేటర్‌లో సీక్వెల్ ఏదో అసలు ఏదో తెలిసేది. టీవీలో పిల్లలకి అన్నీ ఒకటే. కొద్ది నిమిషాలే కట్లతో కనిపించిన కార్లాఫ్ కన్నా, నాలుగు సినిమాల్లో ఈడ్చుకుంటూ నడిచిన ఖారిస్ వాళ్లకి ఎక్కువ గుర్తుండిపోయాడు. 1959లో ఇంగ్లండులో హ్యామర్ సంస్థ రంగుల్లో 'ది మమ్మీ' తీసినప్పుడు పేరు మాత్రమే 1932ది. లోపల ఖారిస్, అనంకా, బానింగ్, మెహమత్ బే, కోసేసిన నాలుక, చిత్తడినేల, అన్నీ 1940ల సరుకే. క్రిస్టఫర్ లీ కట్లలో ఉండి కూడా కళ్లతో నటించాడు. ఖారిస్ పోగొట్టుకున్న కోరిక అక్కడ కొంత తిరిగొచ్చింది. ఆ తర్వాత హ్యామర్ వాళ్లూ మూడు తీసి అలసిపోయారు. 1999లో స్టీఫెన్ సోమర్స్ ఇమ్‌హోటెప్ పేరు మళ్లీ బయటికి తీశాడు, ప్రేమకథతో సహా. దానికీ సీక్వెల్స్ వచ్చాయి.

చూడాలనుకునేవాళ్లకి నా సలహా. ముందు 1932ది చూడండి, దీపాలు ఆర్పి. తర్వాత 'హ్యాండ్' చూస్తూ కార్లాఫ్ ఎక్కడ పోతాడో, టైలర్ ఎక్కడ వస్తాడో పట్టుకోండి, అది మంచి ఆట. 'టూంబ్' మొదటి పన్నెండు నిమిషాలు మీరు చూసేసిందే, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని రావచ్చు. 'ఘోస్ట్' మొత్తం చూసే ఓపిక లేకపోతే చివరి పది నిమిషాలు చాలు. 'కర్స్'లో బుల్డోజరు కనిపించగానే మాత్రం టీ పక్కన పెట్టండి.